తెరచాపలు కుట్టిన పిన్ని

"మీ ఆంటీ ఖలాస్, సిస్టర్" అన్నాడు ఫోన్లో కర్టెన్ల షాపు ముదీర్, అంటే మేనేజరు. అతనిది కేరళ. వచ్చీరాని హిందీలో అంతకన్నా మెత్తని మాట అతనికి దొరకలేదు. పని అయిపోయినా, గ్యాస్ అయిపోయినా ఇక్కడ గల్ఫ్‌లో ఖలాసే. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పదింటికి, కుట్టుమిషన్ మీదే తల వాల్చేసి మా పిన్ని పోయింది. నేను నర్సుని. కల్బాలో ఆ షాపుకి పది నిమిషాల దూరంలోనే డ్యూటీలో ఉన్నాను. నేను వెళ్లేసరికే చేతులు చల్లబడ్డాయి.

ఆవిడ గురించి ఈ నాలుగు మాటలు రాయకపోతే, కర్టెన్లు కుట్టిన మనిషిగానే మిగిలిపోతుంది. అందుకే మీకు చెబుతున్నాను.

పిన్ని మా అమ్మ చెల్లెలు. మాది నరసాపురం దగ్గర. బాబాయి ఉమ్ అల్ క్వైన్‌లో పడవలు బాగుచేసే యార్డులో ఇరవై ఏళ్లు మెకానిక్. అదే యార్డులో పిన్ని తెరచాపలు కుట్టేది. పిల్లల్లేరు. ఎవరో తెల్లాయన వదిలేసిపోయిన పాత తెరచాప బోటు యార్డువాళ్లు బాబాయికి ఇచ్చేస్తే, ఆరేళ్లపాటు సెలవు రోజులన్నీ దానికే పెట్టి బాగుచేసుకున్నారు. ఉద్యోగాలు మానేసి, ఆ బోటులోనే కాపురముంటూ దూరాన సముద్రంలో ఉన్న దీవులు తిరగడానికి బయలుదేరినప్పుడు చుట్టాలందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మరుసటి ఏడాది లీవు పెట్టి వాళ్లున్న దీవికి వెళ్లి, పది రోజులు బోటులో ఉన్నాను. తర్వాత నవ్వలేదు.

పొద్దున లేవగానే పిన్ని అడుగు పలక ఎత్తి, లోపలికి నీళ్లేమైనా ఊరాయా అని చేత్తో తడిమి చూసేది. అప్పటిదాకా బాబాయికి టీ లేదు. "ముందు బోటు, తర్వాత పొట్ట" అనేది. అన్నంలో ఉప్పు వేసేది కాదు, ఎసట్లో మూడో వంతు సముద్రపు నీళ్లే పోసేది. గిన్నెలు ఉప్పునీళ్లతో తోమి, చివర్న ఒక్క గ్లాసు మంచినీళ్లతో తొలిచేది. బాబాయి నీళ్లలోకి దూకి లంగరు సరిగ్గా పట్టిందో లేదో చూసి, వీలైతే చేప పట్టుకొచ్చేవాడు. చింతపండు అయిపోతే దీవిలో దొరికే ఏవో పుల్లకాయలతో పులుసు. మధ్యాహ్నం ఎండకి పైన గుడ్డ కట్టుకుని, దాని కింద ఆయన ఇంజను విప్పుకుంటుంటే, ఈవిడ చిరిగిన తెరచాపకి మాసికలు వేసేది. బట్టలెప్పుడూ పూర్తిగా ఆరేవి కావు. గొడవ పడితే వెళ్లి కూర్చోడానికి ఇంకో గది లేదు. ఆయన ముందు కొసన, ఈవిడ వెనక కొసన.

పిన్నికి ఈత రాదు. భయమెయ్యదా అని అడిగాను.

"ఈత వచ్చినవాళ్లే పడతారే. నేను పట్టుకునే నడుస్తాను" అంది.

తర్వాత కరోనా వచ్చింది. దీవులన్నీ మూసేశారు. ఉన్నచోటే లంగరేసుకుని ఉండొచ్చు, ఒడ్డున మాత్రం కాలు పెట్టకూడదన్నారు. వారానికోసారి ఒక పడవ వచ్చి బియ్యం, నీళ్ల డబ్బాలు అందించి పోయేది. ఏడో వారంలో పిన్ని ఫోన్ చేసింది.

"మీ బాబాయికి పొద్దుట్నించీ గుండెల్లో మంటగా ఉందంటున్నారే. ఎడం చెయ్యి లాగుతోందంట."

నేనప్పుడు కరోనా వార్డులో ఉన్నాను. ఆ ప్లాస్టిక్ తొడుగుల్లో చెమటకి నానిపోయి, ఐదు నిమిషాల కోసం బయటికొచ్చాను.

"నిన్న లంగరు లాగాడా?"

"లాగారు."

"అయితే కండరం పట్టేసుంటది. గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టు. సాయంత్రం చేస్తాను."

"సరేలేవే" అంది.

సాయంత్రం నేను చెయ్యలేదు. వార్డులో ఆ రోజు ఇద్దరు పోయారు. మర్నాడు చేసేసరికి బాబాయి లేడు. ఆయనకి మాట పడిపోయాక పిన్ని రేడియోలో పిలిచిందట. డాక్టరుని పంపడానికి ఒడ్డునున్నవాళ్లు అనుమతి కోసం ఆగారట. ఇది గుండెపోటు, ఇప్పుడే పిలువు అని నేను అనుంటే కొన్ని గంటలు మిగిలేవి. ఆయన బతికేవాడో లేదో తెలియదు. ఆ గంటలు మాత్రం మిగిలేవి.

విమానాలు తిరగడం మొదలయ్యాక, బోటు అక్కడే వదిలేసి పిన్ని నా దగ్గరికి వచ్చింది. షాపులో పని, దాంతోపాటే వీసా దొరికాయి. నా గదిలో కూడా గ్లాసుతో పట్టుకునే మొహం కడుక్కునేది. నేను షవర్ కింద ఎక్కువసేపుంటే, "నేల మీద మనుషులు ఇన్నేసి నీళ్లు ఏం చేసుకుంటారే" అనేది. అంతే, అంతకుమించి నన్ను ఒక్క మాట అనలేదు. రెండేళ్లు నేనూ నోరు విప్పలేదు. ఒకరోజు చర్చి నుంచి నడిచొస్తూ అన్నాను.

"పిన్నీ, ఆ రోజు నేను గ్యాస్ మాత్ర అని చెప్పకుండా ఉండాల్సింది."

ఆవిడ ఆగలేదు. "నువ్వేం చెప్పావో నాకు వినపడలేదే. లైను తెగిపోయింది" అంది.

లైను తెగలేదు. సరేలేవే అన్న ఆ మాట నాకింకా చెవిలో ఉంది. అబద్ధం తెలియని మనిషి నా కోసం ఆడిన ఆ ఒక్క అబద్ధాన్ని పట్టుకునే ఇన్నాళ్లూ ఆసుపత్రికి వెళ్లగలిగాను. థాంక్స్ చెబితే అది అబద్ధమని ఇద్దరం ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే చెప్పలేదు.

పిన్నిని ఇక్కడే పూడ్చాం. ఆరుగురం ఉన్నాం. ముదీర్ షాపు మూసి వచ్చాడు.

బాబాయిని పూడ్చిన సంగతి పిన్ని ఒక్కసారే చెప్పింది. ఒళ్లంతా తెల్లటి తొడుగులేసుకున్న నలుగురు పడవలో వచ్చి ఆయన్ని తీసుకుపోయారు. ఆవిడని రానివ్వలేదు. కొబ్బరిచెట్ల ముందున్న ఇసుక మెరక మీద గొయ్యి తీశారు. ఆవిడ బోటు మీద నిలబడి దుర్భిణిలోంచి చూసింది. అంతా అయ్యాక వాళ్లలో ఒకడు బోటువైపు తిరిగి చెయ్యెత్తాడు. అయిపోయిందని చెప్పడానికో, ఊరడించడానికో ఆవిడకి తెలియలేదు. తనూ చెయ్యెత్తింది. వాళ్లు చెట్ల వెనక్కి వెళ్లిపోయారు. ఒడ్డున ఇంకెవరూ లేరు. అయినా ఎత్తిన చెయ్యి దించకుండా, చాలాసేపు అలాగే నిలబడి ఉందట.