నోట్లో నిలిచిన నిమ్మరసం

జనగామలో రామికి ఎవరైనా నిమ్మరసం ఇస్తే, గ్లాసు అందుకునే ముందు ఒకసారి ఆకాశం వంక చూస్తుంది. పట్టపగలైనా అంతే. కొత్తవాళ్లు ఎండ చూస్తోందనుకుంటారు. పాతవాళ్లు మొహం తిప్పుకుని నవ్వుకుంటారు. వాళ్లకు సకల జనుల సమ్మె నాటి సంగతి తెలుసు.

రామిది కురవి దగ్గర తండా. పెళ్లయ్యాక మొగుడు టీక్యాతో జనగామ వచ్చి మార్కెట్ వెనక ఒక గది కిరాయికి తీసుకుంది. టీక్యా పత్తి మార్కెట్లో హమాలి. ఆమె సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండేది. బడి పిల్లలందరి అన్నమూ పప్పూ ఒంటిచేత్తో దించగలదు కానీ మాట మాత్రం తక్కువ. ఇంట్లో భాష ఒకటి, వీధిలో ఒకటి, సార్లు మాట్లాడేది ఇంకొకటి. దేంట్లో మొదలుపెట్టాలో ఆమె తేల్చుకునేలోపు ఎదుటివాళ్లు మాట ముగించి వెళ్లిపోయేవాళ్లు.

ఒక్కగానొక్క బిడ్డ రజితను రేగొండ దగ్గరి తండాలో ఇచ్చారు. అల్లుడు సుభాష్ భూపాలపల్లి బొగ్గుబాయిలో కాంట్రాక్టు పనికి పోతాడు. రజితకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి దవాఖాన నుంచి తీసుకొస్తుంటే ఆ పిల్ల బస్సులో దారి పొడవునా తల్లి కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూచుంది.

అది విని ఇంటి ఓనరమ్మ భారతమ్మ ఉపాయం చెప్పింది.

"రామీ, పున్నమి పోయిన నాలుగోనాడు సంకష్టహర చవితి. గణపతికి ఉపాసముండు. నెలనెలా ఏడాది పట్టాలె. ఎసుంటి అడ్డమైనా తొలిగిపోతది. కానీ గట్టిగుండాలె. మంచినీళ్లు తప్ప ఏదీ గొంతు దిగొద్దు. చంద్రుణ్ని చూసి, గరిక పెట్టి మొక్కినంకనే మెతుకు ముట్టాలె. నడుమ తప్పిందనుకో, మల్ల మొదటికెల్లి పట్టాలె."

టీక్యా నవ్వాడు. "మన తండాల దేవుడు సేవాభాయా సాలడా? కురవి వీరన్న సాలడా? గిప్పుడు ఇంకో దేవునికి అర్జీ పెడ్తవా?"

"సాలకనే గద రెండుసార్లు పాయె" అంది రామి. అంత మాట తన నోట వచ్చినందుకు తానే జడుసుకుని చెంపలు వేసుకుంది.

ఉపవాసం పట్టింది. నాలుగైదు చవితులు గడిచాక రజితకు మళ్లీ నెల తప్పింది. దిష్టి తగులుతుంది, కాన్పయ్యేదాకా బయట పొక్కనీయొద్దని భారతమ్మ హెచ్చరించింది. అందుకని రామి బిడ్డ కడుపు సంగతీ, తన ఉపవాసం సంగతీ బయట ఎవరికీ చెప్పలేదు. ఆఖరి చవితి దగ్గరపడేసరికి రజితకు ఎనిమిదో నెల.

అప్పటికి సమ్మె జోరు మీద ఉంది. బడి మూత పడింది. బస్సులు ఆగాయి. బొగ్గుబాయిలూ ఆగాయి. అక్కడ బొగ్గు తీయడం ఆపేసరికి ఇక్కడ ఇళ్లలో కరెంటు పోవడం మొదలైంది. దీపం ఆరినప్పుడల్లా టీక్యా, "అల్లుడు సమ్మె గట్టిగనే చేస్తున్నడు, అత్తింట్ల సీకటి జేసిండు" అనేవాడు.

చౌరస్తా టెంటులో రోజుకో రకం పనివాళ్లు రిలే నిరాహార దీక్షకు కూచునేవాళ్లు. అంతకు ముందు వంటావార్పు పెట్టినప్పుడు రామి, తోటి వంటామె పోశమ్మ కలిసి రోడ్డు మీదే పొయ్యిలు పేర్చి వచ్చినవాళ్లందరికీ కిచిడీ వండిపెట్టారు. అది చేయి తిరిగిన పని. ఇప్పుడు మధ్యాహ్న భోజనం వంటవాళ్లు దీక్షకు కూచోవాలని కబురొచ్చింది. కూచోమన్న రోజు సరిగ్గా చవితి.

ఎట్లాగూ తినను కదా, ఇంకా మంచిదే అనుకుంది రామి మొదట. తర్వాత మనసు చిక్కుపడింది. ఒక్క ఉపవాసం రెండింటికి చెల్లుతుందా? తెలంగాణ కోసం మాడ్చుకున్న కడుపును గణపతి తన ఖాతాలో వేసుకుంటాడా? భారతమ్మను అడిగితే ఆమె కూడా చాలాసేపు గడప పట్టుకుని ఆలోచించింది.

"పొద్దుగాల గణపతికి చెప్పుకొని పో. ముందుగాల ఎవలకు చెప్తే వాళ్లదే" అంది చివరికి, రేషన్ దుకాణం ముందు వరస తేల్చినట్టు.

టెంటులో మెడలో దండలు వేసి వరసగా కూచోబెట్టారు. డప్పులు మోగుతున్నాయి. పోశమ్మ దండ వాసన చూసుకుని రామిని మోచేత్తో పొడిచింది.

"ఏందే రామక్కా, అందరికి వడ్డించి అన్నం గంజు అడుగంటితే మనం ఎన్ని దినాలు పస్తులుండలే? ఒక్కనాడన్న దండేసిండ్రా?"

రామికి నవ్వొచ్చింది. ఆకలి తెలియలేదు. సాయంత్రం లేచి ఇంటికి పోయి, చంద్రుణ్ని చూసి తినడమే అనుకుంది. ఎవరి దీక్షనైనా ఇంకెవరో వచ్చి విరమింపజేస్తారని ఆమెకు తెలియదు.

పొద్దు వాలింది. రామి వండే బడిలోనే పంతులు, టెంటు నడిపే సురేందర్ సార్ నిమ్మరసం గ్లాసులు పట్టుకుని వరసగా వచ్చాడు. పోశమ్మ ఒక్క గుక్కలో ఖాళీ చేసింది. గ్లాసు రామి ముందుకు వచ్చింది.

"తీసుకో రామక్కా."

"వద్దు సార్."

"అయ్యో, దీక్ష అయిపోయింది. తాగాలె."

"నేను గిప్పుడే ఇడువ సార్. ఇంక టైం కాలే."

సురేందర్ సార్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. మరుక్షణం మైకు అందుకున్నాడు.

"జూడుండ్రి అన్నలారా! తండా ఆడబిడ్డ రామక్క దీక్ష ఇడువనంటున్నది! తెలంగాణ అచ్చేదాక ముద్ద ముట్టనంటున్నది!"

డప్పులు ఎగిసిపడ్డాయి. ఎవరో ఇంకో దండ తెచ్చి మెడలో వేశారు. నీడన స్టూలు మీద కూచున్న కానిస్టేబుల్ లేచి ఫోన్ తీశాడు. దవాఖానకు చెప్పాలని ఒకరు, సెలైన్ సీసా తెప్పించాలని ఒకరు అరుస్తున్నారు. రామి లెక్క వేసుకుంది: సెలైన్ పెడితే అది నరంలోకి పోతుంది కానీ గొంతు దిగదు కదా, అప్పుడు ఉపవాసం తప్పినట్టా, తప్పనట్టా? ఈ మాట భారతమ్మను అడగలేదే!

"నీకు దయ్యం పట్టిందా?" పోశమ్మ చెవిలో బుసకొట్టింది. "సచ్చిపోతవే పిచ్చిదానా! తాగు!"

"గది కాదు పోశక్కా… చంద్రుడు…"

"చంద్రుడేంది, చంద్రుడు?"

రామి నోరు మూసుకుంది. చవితి అంటే ఎవరికోసమని అడుగుతారు. ఎవరికోసమో చెబితే దిష్టి. చెప్పకపోతే సెలైన్. కానిస్టేబుల్ ఫోన్లో టెంటు గుర్తులు చెబుతున్నాడు.

ఆమె గ్లాసు అందుకుంది. ఒక గుక్క నోట్లో పోసుకుని బుగ్గన నిలిపింది. వెనక్కి పోయి మోరీలో ఉమ్మేయాలని లేవబోయింది.

"మన మాట మన్నించింది!" సురేందర్ సార్ ఆనందంగా అడ్డం వచ్చాడు. "అక్కా, నీ నోటితోని ఒక్కసారి!"

మైకు తెచ్చి ఆమె పెదాల ముందు పెట్టాడు. డప్పులు ఆగాయి. చౌరస్తా అంతా ఆమె నోటి వంకే చూస్తోంది, ఆమె నోటి నిండా నిమ్మరసం. వేదిక మీద ఉమ్మితే తెలంగాణ మీద ఉమ్మినట్టే. మింగితే ఏడాది మొక్కు పోయినట్టే. బస్సులో కొంగును చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్న రజిత వేలు కళ్ల ముందు కదిలింది.

రామి ఏడుపు వచ్చినదానిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉన్నదంతా గుడ్డలోకి వదిలి, కొంగు తీసి అరిచింది.

"జై తెలంగాణ!"

అంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు. జనం అంతకు రెట్టింపు అరిచారు. కానిస్టేబుల్ హమ్మయ్య అని మళ్లీ స్టూలు మీద కూలబడ్డాడు. రామి మాత్రం గొంతు పట్టుకుని నిలబడింది. ఆ 'జై' అనడంలో ఏదో ఉప్పగా, పుల్లగా లోపలికి జారినట్టుంది. జారిందా? లేక అది వాసనేనా?

ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. ఆకాశమంతా మబ్బు. భారతమ్మ దీపం పట్టుకుని కొంగు పిండి చూసింది.

"ఇంత తడిసిందంటే అంతా బయటికే వచ్చినట్టు."

"గొంతుల పుల్లగున్నదమ్మా."

"అయితే దిగినట్టు. మొదటికెల్లి పట్టాలె."

"మొదటికెల్లి పడ్తే పూర్తయ్యేటాల్లకు పిల్లనో పిలగాడో నడుస్తరు" అన్నాడు టీక్యా. "దిగితే దిగింది. నువ్వు ఒర్లిన ఒర్లుడుకు అది మల్ల బయటికే పోయుంటది తియ్యి."

రామి వాకిట్లో నిలబడి మబ్బు వంక చూసింది. ఆఖరి నెలలో తప్పితే, ఇన్నాళ్లు ఆగిన ఆపద ఈ రాత్రే రేగొండ దారి పట్టిందేమో! ఫోన్ తీసి, నంబరు నొక్కబోయి ఆగింది. అంతలో ఫోనే మోగింది.

"యాడీ!" తల్లిని ఇంటి భాషలో పిలిచింది రజిత. "తిన్నవా?"

రామి ఒక్కసారిగా అంతా చెప్పేసింది. టెంటు, దండ, సెలైన్, కొంగు, అన్నీ. అవతల రజిత అంతా విన్నది. తర్వాత నవ్వు వినిపించింది. రెండేళ్లుగా రామి వినని నవ్వు.

"అయ్యో, నవ్వలేకపోతున్న యాడీ. కడుపుల తంతున్నది. అదిగూడ నవ్వుతున్నది కావచ్చు. అక్కడ మబ్బా? ఇక్కడ చంద్రుడు మంచిగ వొచ్చిండు, ఇంటి కప్పు మీదికెల్లి కనబడుతుండు. నేను చూసిన. నువ్వు తిను."

ఫోన్ ఛార్జింగ్ అయిపోయి మాట తెగిపోయింది.

"ఇంకొకలు చూస్తే చెల్లదు" అంది పక్కనే నిలబడి విన్న భారతమ్మ. దీపం వత్తి ఎగదోసి, "చెల్లుతదేమో గూడ. పట్టిందే ఆమె కోసమాయె. నాకు తెల్వదు బిడ్డా" అంది.

రేగొండ ఉన్న దిక్కూ, చంద్రుడు రావలసిన దిక్కూ దాదాపు ఒకటే. రామి అటు తిరిగి గరిక పెట్టి మొక్కింది. రొట్టె తుంచి మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, మింగేటప్పుడు గొంతు మీద చేయి వేసుకుంది. దిగడమంటే ఎట్లా ఉంటుందో చూడాలనుకుంది. సాయంత్రం కూడా ఇట్లాగే అయిందా? గుర్తు రాలేదు. ఇంకో ముక్క మింగి చూసింది. అప్పుడూ తేలలేదు.

కార్తీకం పోయేలోపు రజితకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. చవితి మహిమ అంది భారతమ్మ. సేవాభాయా దయ అన్నాడు టీక్యా. మరికొన్నేళ్లకు తెలంగాణ కూడా వచ్చింది. ఆ రోజు సురేందర్ సార్ రోడ్డు మీద ఎదురై, "రామక్కా, నీ దీక్ష ఊకెనే పోలే" అని చేతులు జోడించాడు. ఆమె కూడా జోడించింది.

పున్నమి వెళ్లిన నాలుగోనాడు రామి ఇప్పటికీ ఏమీ తినదు.

"మనుమరాలు బడికి పోవట్టె, తెలంగాణ అచ్చి ఎన్నడాయె. ఇంకెన్నాళ్లే రామీ గీ ఉపాసం?" అని భారతమ్మ అడుగుతుంటుంది.

"ఆ గుక్క దిగిందో లేదో ఇంక తేలలేదమ్మా" అంటుంది రామి.