సోనీ కాలువ లెక్క

కోదాడలో మా జూనియర్ కాలేజీలో ఎంపీసీ రెండో సంవత్సరం మొదటి సెక్షన్ బాధ్యత నాది. ఫిజిక్స్ చెబుతాను, దానికంటే ఎక్కువ తిడతాను. పిల్లలు నన్ను ప్రేమ్‌కుమార్ సార్ అని ఎదురుగా అంటారు, చాటుగా ఏమంటారో అడగలేదు. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ధరావత్ సోనీ కథలో నా నోరు కూడా ఒక పాత్ర.

సోనీది నడిగూడెం వైపు తండా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, మా దగ్గర ఇంగ్లీషు. మూడు భాషల్లోనూ తక్కువే మాట్లాడుతుంది. పొద్దున ఏడున్నరకు క్లాసు మొదలైతే సాయంత్రం ఆరుకు వదులుతాం. శనివారం పరీక్ష, సోమవారం ర్యాంకులు. డిసెంబరులో ఆమె ర్యాంకు ఇరవై నుంచి యాభై రెండుకు జారింది. నలభై దాటితే మొదటి సెక్షన్‌లో ఉంచరు. ఆ మాట చెబుదామని వెళ్తే, బెంచీ కింద ఒక పొడుగు నోట్‌బుక్ తెరుచుకుని ఉంది.

"ఏంటమ్మా ఇది?"

"కాలువ నీళ్ల లెక్క సార్."

వాళ్ల నాన్న జవహర్‌కు రెండెకరాలు. సాగర్ ఎడమ కాలువ నుంచి వచ్చే చిన్న కాలువకు అది చిట్టచివర. యాసంగిలో నీళ్లు వంతుల మీద వదులుతారు. నాలుగు రోజులు పై ఊరికి, మూడు రోజులు తండాకు. సోనీ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వరి పొట్ట మీద ఎండిపోయింది. పై ఊరివాళ్లు దొంగతనంగా తూములు తెరుస్తున్నారని తండా అంతా తిట్టింది. సోనీ మాత్రం ఎన్ని నీళ్లు పోతున్నాయని అడిగింది. ఎవరూ చెప్పలేదు. ఈ ఏడు తనే కొలవడం మొదలుపెట్టింది. తెల్లవారగానే సైకిల్ మీద కట్ట వెంబడి పోయి, పై ఊరి ఆఖరి తూము దగ్గర ఒకసారి, తండా తూము దగ్గర ఒకసారి కర్రతో లోతు చూసేది. మొక్కజొన్న బెండు వదిలి అది ఎంతసేపట్లో ఎంత దూరం పోయిందో రాసుకునేది. తర్వాత కోదాడ బస్సు.

"ముందు ఇంజినీరింగ్ సీటు తెచ్చుకో. ఇంజినీరువయ్యాక కాలువలన్నీ నువ్వే కొలువు," అన్నాను.

"అప్పటిదాక మడి ఆగదు సార్."

నాకు ఒళ్లు మండింది. పుస్తకం లాక్కున్నాను. ఈ పుస్తకమో ఈ సెక్షనో, ఏదో ఒకటి తేల్చుకోమన్నాను. మీ నాన్నను శనివారం రమ్మను అని కూడా చెప్పాను.

"గురువారం మా వంతు మొదలైతది సార్. అప్పటికన్న ఇస్తరా?" అంది. కళ్లలో నీళ్లున్నాయి.

ఇంటికి తీసుకెళ్లి తప్పులు పట్టడానికే తెరిచాను. రెండో పేజీలోనే దొరికింది. పైన తేలే బెండు వేగాన్నే మొత్తం నీళ్ల వేగం అనుకుంది. అడుగున నీళ్లు నెమ్మదిగా పోతాయి కదా. సంతోషంగా ఎర్ర పెన్ను మూత తీశాను. పేజీ తిప్పితే, బెండుకు దారంతో రాయి వేలాడదీసి మళ్లీ వదిలిన లెక్క కనిపించింది. 'కింద నీళ్లు మెల్లగ పోతున్నయి. నూటికి పదిహేను తీసెయ్యాలె' అని రాసుకుంది. ఆ సంగతి నేను క్లాసులో చెప్పనేలేదు. పెన్ను మూత పెట్టేశాను.

వెనక పేజీల్లో ఇంకో లెక్క ఉంది. పైన 'నా కాలువ' అని రాసింది. కాలేజీలో వదిలిన గంటలు పదిన్నర, తలకు చేరినవి ఆరు. మధ్యలో ఎక్కడెక్కడ పోతున్నాయో పేజీ నిండా వరసగా ఉంది, అందులో కొన్ని ఇవి. బోర్డు మీదిది చూసి దించుకోవడం, యాభై నిమిషాలు. తిన్న తర్వాత నిద్ర, ఇరవై. ప్రేమ్‌కుమార్ సార్ తిట్లు, ముప్పై అయిదు. వారం రోజుల సగటు.

మొదట కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. పడుకున్నాక సిగ్గేసింది. మర్నాడు వాచీ బల్ల మీద పెట్టుకుని పాఠం చెప్పాను. ముప్పై రెండు నిమిషాలు తిట్టాను, అదీ జాగ్రత్తగా ఉన్నరోజు.

బుధవారం పుస్తకం తిరిగిచ్చాను. వెనక పేజీలు చూశానని చెప్పలేదు. "శనివారం నలభై లోపు రా. వస్తే రెండూ నీవే," అన్నాను. ఆ వారం బోర్డు మీది లెక్కలు ముందే జిరాక్స్ తీయించి పంచాను. నోరు కట్టేసుకోవడం మాత్రం కష్టమైంది.

శనివారం పరీక్ష అయ్యాక జవహర్ వచ్చాడు. కంప్లైంటు వినడానికి వచ్చిన తండ్రిలా లేడు. చేతిలో సంచీడు పచ్చి కందికాయలు.

"సార్, పిల్ల ఏమన్న తప్పు చేసిందా?"

"ముందు మీరు చెప్పండి. నీళ్లొచ్చాయా?"

అతను తల గోక్కున్నాడు. "ఏం చెప్పాలె సార్. ఇన్నేండ్లు పై ఊరోళ్లను తిట్టినం. గురువారం పిల్ల కొలిసి, ఆళ్ల తూము దాటినంక నీళ్లు సక్కగనే ఉన్నయి, సగం మన దిక్కు కాలువలనే పోతున్నయ్ నాయినా అన్నది. నమ్మలే. తీస్కపోయి సూపిచ్చింది. సర్కారు తుమ్మల సాటుకు తూటికాడ మొక్క గుబురుగ పెరిగి కాలువకు అడ్డం పడ్డది. నీళ్లు కట్ట పొర్లి వాగులకు పోతున్నయ్. అందరం పైకి సూసుడే గని పక్కకు సూడలే. ఇరవై మందిమి కలిసి ఒక్క పూటల పీకేసినం. నిన్న ఆఖరి మడి తడిసింది సార్."

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. తండావాళ్లకు తూటికాడ కనపడనట్టే నాకు నా నోరు కనపడలేదు. జవహర్‌కు ఆ మాట చెప్పాను. అతను మొహమాటానికి నవ్వకుండా ఉండబోయాడు, ఆగలేక నవ్వేశాడు.

సోమవారం ర్యాంకుల కాగితం అంటించారు. సోనీ ముప్పై ఏడు. ఆమె కాగితం దగ్గర నిలబడి రెండుసార్లు చూసుకుంది. నాకు ఆమె కంటే ఎక్కువ సంతోషమైంది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇప్పుడు ఫిబ్రవరి. ప్రాక్టికల్స్ నడుస్తున్నాయి, ఆమె ర్యాంకు ముప్పై దగ్గర ఆడుతోంది. తండాలో వరి పొట్టకొచ్చిందట. నిన్న ల్యాబ్‌లో ఆ పొడుగు నోట్‌బుక్ తనే తెచ్చి, నీళ్ల పేజీలు సరిచూడమని ఇచ్చింది. చూశాను. అలవాటు కొద్దీ వెనక పేజీ కూడా తిప్పాను. తలకు చేరినవి ఎనిమిది గంటలు. కింద ఒక వరస.

'ప్రేమ్‌కుమార్ సార్ తిట్లు, నాలుగు నిమిషాలు. అవి ఉండాలె.'