వేలికి దారం చుట్టే అమ్మాయి

సీతారాండేరా పేటలో మా పక్కింటి పరిశోధకురాలికి బకెట్టుడు రక్తం ఇప్పించానని సాక్చి బజారు టీకొట్టులో చెబుతుంటాను. నిజానికి చుక్క కూడా ఇప్పించలేదు.

మాట్లాడేటప్పుడు ఆమె వేలికి దారం చుట్టేది. "రోగాలతో పోరాడే పసికణాల్లో, వాపు రేపే జన్యువు ఇలా చుట్టుకుని ఉంటాది తాతా. దాన్నేటి విప్పుతాదో సూడాలి. ఆ కణాలుండే బొడ్డుతాడు రక్తం కావాల" అంది.

"మా కోడలి కాన్పుకి ఇప్పిత్తాన్లే!" అన్నాను.

కాన్పునాడు ఆమె ఐసుడబ్బాతో ఆస్పత్రికొచ్చింది. బిడ్డకు దిష్టి తగులుతుందని, ఇవ్వొద్దని నర్సుకు ముందే చెప్పేశాను.

"ఏటయింది తాతా?"

"నర్సు పారేసిందమ్మా."

వేలు తెల్లబడేదాకా దారం బిగించింది. "పర్లేదు. కోడలు బాగుందా?" అని, ఖాళీ డబ్బాతో వెళ్లిపోయింది.

నాకప్పుడేమీ అనిపించలేదు. ఇప్పుడూ అంతే.