నర్సింలు పేరు మీద వేసిన సంకల్పం

1993లో పటాన్‌చెరులోని ఒక మందుల ఫ్యాక్టరీలో సంక్షేమాధికారిగా చేరాను. కార్మికులు ఎక్కువగా ఉన్న ఫ్యాక్టరీల్లో ఈ ఉద్యోగం చట్టప్రకారం ఉండి తీరాలి. క్యాంటీన్, విశ్రాంతి గది, కార్మికుల ఫిర్యాదులు చూడటం మా పని. హోదాలో పర్సనెల్ మేనేజర్‌కి కింద, సూపర్‌వైజర్లకు పైన. కార్మికులు నాతో కష్టం చెప్పుకోవడం రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టే ఉండేది. వీటికి తోడు కంపెనీ తన ఉద్యోగుల కోసం వేసే పత్రికకు సంపాదకత్వం కూడా నా నెత్తినే పెట్టారు.

జనవరి సంచికలో ‘ఈ ఏడు నా సంకల్పం’ అని ఒక పేజీ వేయడం ఆనవాయితీ. ఒక్కో విభాగం నుంచి ఒక్కరు రాసేవారు. ఆ పర్సనెల్ మేనేజర్ మెచ్చిన సంకల్పానికి జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక శాలువా, గోడగడియారం ఇచ్చేవారు. బహుమతి వచ్చినవాళ్లు మైకులో తమ సంకల్పాన్ని చదవాలి.

నేను చేరిన ఏడాది చివర్లో మేనేజర్ హైదరాబాదు నుంచి ఒక ఉపన్యాసకుణ్ని పిలిపించారు. రాయడానికి స్ఫూర్తి ఎక్కడ దొరుకుతుందో ఆయన క్యాంటీన్‌లో గంటసేపు చెప్పారు. పొద్దున్నే కిటికీ తెరవండి, పూలగాలి పీల్చండి, ఏడాది మొదట్లోనే ఏం రాయబోతున్నారో నిర్ణయించుకోండి అన్నారు. ప్యాకింగ్ విభాగంలో పనిచేసే నర్సింలు లేచి నిలబడ్డాడు.

“మా ఇంట్ల కిటికి తెరిస్తె వాగు వాసనొస్తది సార్. ముక్కు మూసుకోవాలె. దాని మీద రాయొచ్చా?”

అందరూ నవ్వారు. మనసును వదలని దేని మీదైనా రాయవచ్చునని ఆయన తప్పించుకున్నారు. నర్సింలు మాత్రం నవ్వులాటకు అడగలేదు. వాగు ఒడ్డున వాళ్లకు పొలం ఉండేది. ఫ్యాక్టరీల నీళ్లు కలిసి వాగు పాడయ్యాక అది పడావు పడింది. అప్పుడే ఉద్యోగంలో చేరాడు. అతని కథలు వారపత్రికల్లో రెండు మూడు వచ్చాయి కూడా. తర్వాతి వారం నాకు ఒక కాగితం తెచ్చిచ్చాడు.

“ఈ ఏడు మా వాగు కథ రాస్త. అది మంచిగున్నప్పుడు చూసినోళ్లు ముసలోళ్లయిన్రు. వాళ్లు పోకముందే ఇంటింటికి పోయి అడిగి రాస్త.”

అందులో ఏ కంపెనీ పేరూ లేదు. ఉన్నదున్నట్టు కంపోజింగుకు ఇచ్చాను. ప్రూఫు, అంటే అచ్చుకు ముందు తప్పులు దిద్దే ప్రతి, నేను చూశాక మేనేజర్ బల్ల మీదికి వెళుతుంది. ఆయన సంతకం పడితేనే ప్రెస్సుకు పోతుంది. నేను చూసిన ప్రూఫులో నర్సింలు మాటలే ఉన్నాయి. అచ్చయి వచ్చిన పత్రికలో అతని ఫొటో, ఊరి పేరు కింద ఇలా ఉంది: “ఈ ఏడాది ఒక్క రోజు కూడా నాగా పెట్టను. నా కంపెనీయే నాకు స్ఫూర్తి. ఉత్పత్తి పెంచడమే నా రచన.”

చదివి నా ఒళ్లు మండిపోయింది. ఉత్పత్తి పెంచడమే రచనట! అప్పటికి వాళ్ల ఊరివాళ్లు ఫ్యాక్టరీల నీళ్లు వాగులో కలపడం ఆపించమని ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. నర్సింలు పత్రిక పట్టుకుని నా గదికి వచ్చాడు.

“ఇది నేను రాసిన్నా మేడం? ఊర్లె అందరు నన్ను అమ్ముడుపోయినవంటున్రు. వాగు ముచ్చట చెప్త రా బిడ్డా అన్న ఎల్లవ్వ, ఇయ్యాల నన్ను జూసి తలుపేసుకుంది. ఇగ నాకు ఎవ్వలు చెప్తరు? నేనేం రాయాలె?”

మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఇది నర్సింలు రాసింది కాదని వచ్చే సంచికలో వేయాలని అడిగాను. “ఎడిటింగ్ అంటే మార్చడమేగా అమ్మా? పైగా మంచిమాటేగా రాయించాం” అన్నారాయన. అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఏటి ఉత్తమ సంకల్పం నర్సింలుదేనని ప్రకటించారు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

జెండా పండుగనాడు మైకు నా చేతిలో ఉంది. పేరు పిలిచాను. నర్సింలు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. మళ్లీ పిలవమని మేనేజర్ సైగ చేశారు. పిలవలేదు. “పత్రికలో నర్సింలు పేరు కింద ఉన్న మాటలు నర్సింలువి కావు. సంపాదకురాలిగా చెబుతున్నాను. అతను వాగు కథ రాస్తానన్నాడు” అని మైకు కింద పెట్టేశాను.

మర్నాడు మెమో వచ్చింది. క్రమశిక్షణ ఉల్లంఘనకు సంజాయిషీ ఇమ్మన్నారు. చెప్పింది నిజమని ఒక్క వాక్యం రాసిచ్చాను. పత్రికను నా నుంచి తీసేశారు. ఆ ఏటి ఇంక్రిమెంటూ ఆపారు.

మా ఫ్యాక్టరీలో పనిచేసే ఆ ఊరివాళ్లు నా మాటను ఊళ్లోకి మోసుకెళ్లారు. కొందరు నమ్మి నర్సింలుతో మళ్లీ మాట్లాడారు. ఎల్లవ్వ నమ్మలేదు. పత్రికను ఆమెకు చదివి వినిపించింది సొంత మనవరాలు. పుస్తకంలో ఉన్నది అబద్ధమెట్లయితది అని ఆమె వాదన. ఆ వానాకాలంలో ఆమె చనిపోయింది. ఊరంతటిలో వాగు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో పెద్దది ఆమే. నర్సింలు మిగతావాళ్లను అడిగి కథ రాశాడు, ఒక వారపత్రిక వేసింది కూడా. ఎల్లవ్వ చెప్పాల్సింది మాత్రం అందులో లేదు. ఆ లోటుకు మెమో ఎవరికీ ఇవ్వలేదు.

మరుసటి జనవరికి ఏ విభాగం నుంచీ ఒక్క సంకల్పమూ రాలేదు. మేనేజర్ పత్రికను తిరిగి నాకే అప్పగించారు. చివరి ప్రూఫు మీద రాసినవాళ్ల సంతకం ఉంటేనే అచ్చుకు పంపుతానని షరతు పెట్టాను. కంపెనీకి వ్యతిరేకంగా రాస్తే ఎలా అని అడిగారు. వేయకండి అన్నాను.

నచ్చని రాతను ఆపే అధికారం యాజమాన్యానికి ఉంది. నేనూ ఉద్యోగినే, ఒప్పుకుంటాను. కానీ ఒక మనిషి పేరు పెట్టి ఆ మనిషి అనని మాట అచ్చువేయడం సంపాదకత్వం కాదు, దొంగతనం. పోయేది మాట ఒక్కటే కాదు, ఆ మనిషిని నమ్మి నోరు విప్పేవాళ్లూ పోతారు. వాళ్లు లేకపోతే రాసేవాడు ఏ జనవరిలో ఏ సంకల్పం చెప్పుకున్నా ఒకటే, రాయడానికేమీ మిగలదు.