ముందే తిన్న చిక్కుడుకాయ కూర

తల్లాడ నుంచి చర్ల వైపు అడవి పల్లెకు పాస్టరుగా వచ్చిన కొత్తలో, నాకు తెలియనిదంటూ లేదనుకునేవాణ్ణి. అప్పటికి బైబిల్ కాలేజీ నుంచి బయటపడి ఆరు నెలలు కూడా కాలేదు. ఆనాటి తలబిరుసు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

అక్కడి కోయ ఇళ్లలో కొత్త చిక్కుడుకాయలను ఎవరూ ముందుగా నోట పెట్టరు. ఊరి పెద్ద వాటిని దేవతకు పెట్టి కొత్తల పండుగ చేయాలి, ఆ తర్వాతే అందరూ తినాలి. మా సంఘంలో చేరిన నాలుగైదు కుటుంబాల్లో ఒక అవ్వ ఉండేది. ఆ పెద్దకు స్వయానా అక్క. పండుగకు ముందు ఆదివారం నేను మందిరం దగ్గర ప్రేమవిందు పెట్టి, గంగాళం నిండా చిక్కుడుకాయ కూర వండించాను. పాత భయాలు పోయాయని ఊరికి తెలియాలంటే ముందే తినాలన్నాను. అది ఏ వాక్యంలో ఉందని ఎవరైనా అడిగితే నీళ్లు నమిలేవాణ్ణి. ఎవరూ అడగలేదు.

అవ్వ మాత్రం విస్తరి ముందు కూర్చుంది గాని కూర ముట్టలేదు.

"తినకుంటే దేవుడు కోపం జేస్తడా అయ్యగారూ?" అంది.

"నమ్మకముంటే తింటావు అవ్వా," అన్నాను.

తింది.

తమ్ముడు గొడవ చేయలేదు. ఏటా పండుగనాడు అక్కకు పంపే కూర పంపడం మానేశాడు, అంతే. మళ్లీ ఆమె గడప తొక్కలేదు. ప్రతి ఏడూ ఆ రోజున అవ్వ వాకిట్లో కూర్చుని దారి చూసేది. నేను చూడనట్టు బండి పోనిచ్చేవాణ్ణి. విశ్వాసం కోసం అయినవాళ్లను పోగొట్టుకోవడం గొప్పేనని ప్రసంగాల్లో చెప్పేవాణ్ణి. పోగొట్టుకున్నది నేను కాదు గదా.

అట్లా ఎనిమిదేళ్లు గడిచాయి. పోయిన వానల్లో తమ్ముడు జ్వరమొచ్చి చనిపోయాడు. అవ్వ వెళ్లి, దూరంగా నిలబడి చూసి వచ్చింది.

ఆ చలికాలంలోనే మా మందిరంలో మొదటిసారి కోత పండుగ చేశాం. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెట్టారు. అవ్వ కొంగులో చిక్కుడుకాయలు తెచ్చింది.

"దేవునికి ఇచ్చినంక తినాల్నా అయ్యగారూ, తిన్నంక ఇయ్యాల్నా?"

"ప్రథమఫలం గదా అవ్వా. ముందు దేవునికే ఇవ్వాలి."

అవ్వ కొంగు విప్పింది.

"మా తమ్ముడు గూడ గదే అంటుండె. మరి ఆనాడు నన్ను ముందుగాల ఎందుకు తినమన్నరు?"

గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అందరూ నావైపు చూస్తున్నారు. తప్పు నాదేనని ఒక్క మాట అంటే సరిపోయేది. తమ్ముడు లేకపోయినా అవ్వ వినేది. నేను ఆ చిక్కుడుకాయలు అందుకుని బల్ల మీద పెట్టి, ప్రార్థన చేద్దామన్నాను.

అందరూ కళ్లు మూసుకున్నారు. అవ్వ మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు గనుక నాకు తెలుసు.