తెగిన వేళ్లు, ఆగిన మెషీన్

వికారాబాద్‌లో ఉద్యోగం మాని, తాండూరులో సొంతంగా మోటార్ల రిపేరు దుకాణం పెట్టిన తొలి ఏడాది అది. ఒక నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ యజమాని పిలిస్తే వెళ్లి, ఆగిపోయిన మెషీన్‌కు బెల్టు వేస్తున్నాను. నా చెయ్యి లోపల ఉందని చూసుకోకుండా ఆయన స్విచ్ వేశాడు. రెండు వేళ్లు తెగిపడ్డాయి.

నేను కూలబడినా ఆయన నావైపు రాలేదు. "గా బండ మీది నెత్తురు జల్ది కడుగుండ్రి, మరక పడితే ఎవ్వడు కొనడు" అని కూలీలతో అన్నాడు.

"సేటు, జర దవఖానకు తీస్కపోండ్రి" అని బతిమాలాను.

"నువ్వేమన్న నా దగ్గర జీతానికున్నవా? నాకేం సంబంధం?" అన్నాడు. చివరికి కూలీలే నన్ను ఆటో ఎక్కించారు.

చేతికి కట్టు విప్పకముందే ఆయన ఫోన్ చేశాడు. "పని సగంల ఇడిశిపెట్టి పోయినవ్. ఎప్పుడొస్తవ్?"

కాదంటే మిగతా యూనిట్ల వాళ్లూ పిలవరేమోనని భయపడ్డాను. వెళ్లి, మిగిలిన వేళ్లతో ఆ బెల్టు బిగించి వచ్చాను. వేళ్లు పోయినందుకన్నా, ఆ రోజు వెళ్లినందుకే ఇప్పటికీ నా మీద నాకు కోపం.