నాలుగు వేళ్ల ఎడం

నర్సీపట్నం బెల్లం వ్యాపారి వరహాలు దగ్గర ఎవరైనా పొట్ట ఊసెత్తితే చాలు, చొక్కా పైకెత్తి మొలతాడు చూపించేవాడు. "పెళ్లినాటి కొలతే, సూడండి!" అంటూ అందులో చిటికెన వేలు దూర్చి తిప్పేవాడు. పొట్టంతా ఆ తాడుకు పైనే పెరిగిందని అతనికెన్నడూ తోచలేదు. మొన్న వేసవిలో ఆరోగ్య శిబిరానికొచ్చిన నర్సమ్మ పురికొసతో అతని ఎత్తు కొలిచి, దాన్ని సగానికి తెంపి బొడ్డు మీదుగా చుట్టింది. "నడుం చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదు, ఈ కొసలు కలవాలండీ" అంది. నాలుగు వేళ్ల ఎడం వచ్చింది!

అప్పట్నుంచి ఆ పురికొస అతని జేబులోనే ఉంటోంది. తెల్లారగానే గొలుగొండ రోడ్డు మీద చేతులూపుకుంటూ నడుస్తాడు. రుచి చూడ్డానికి తుంచిన బెల్లం ముక్క ముక్కు దాకా వెళ్లి, వాసన చూసుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఇవాళ పొద్దున్నే పెరట్లోంచి ఒకటే కేక. "ఓలే దేముడమ్మా, బేగి రాయే! కొసలు కలిసిపోనాయి!"

భార్య పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి, ఉబ్బిన అతని ఛాతీ వంక చూసింది. "ముందా ఊపిరొదులు."

వదిలాడు. కొసల మధ్య ఒక్క వేలి ఎడం వచ్చింది. వరహాలు ఆ ఒక్క వేలినీ గాల్లోకి లేపి గంతేశాడు. "అప్పుడు నాలుగు, ఇయ్యాలొక్కటే!"

దేముడమ్మ చేతులు కడుక్కుని, లోపల్నుంచి పురికొస ఉండ తెచ్చి అతని చేతిలో పెట్టి, గోడకు ఆనుకుని నిటారుగా నిలబడింది.